కరీబియన్ కందలంక

మా కందలంక కరీబియన్ సముద్రంలో ఉందన్న సంగతి మాకు మొన్న మాఘమాసంలో తెలిసింది. అంతవరకూ అది గోదావరి మధ్యలో ఉందన్న భ్రమలోనే బతికేశాం.

నేను ఆ ఊరి పంచాయతీ కార్యదర్శిని. పేరు ఓలేటి భీమశంకరం. ప్రభుత్వం ఏం చెప్పినా ముందు నేను నమ్మాలి, తరువాత ఊరి చేత నమ్మించాలి. నాకు జీతం ఇచ్చేది అందుకే. లంక అంటే తెలియనివాళ్లకు ఒక మాట చెబుతాను. ఏటి నడుమ మేట వేసిన మట్టిమీద జనం ఇళ్లు కట్టుకుని, కందా అరటీ పండించుకుని, గేదెల్ని మేపుకుని బతికే చోటది. బడికీ, ఆసుపత్రికీ, సంతకీ, చివరికి క్షవరానికి కూడా ఏరు దాటాలి. దాటించేది పంటు. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి పైన చెక్కలు పరిస్తే అదే పంటు. మనిషీ మోటారు సైకిలూ పెళ్లి బాజాలూ అన్నీ దానిమీదే. పురిటి నొప్పులు కూడా చాలాసార్లు దానిమీదే ముదిరేవి. ఏటి మధ్యలో పుట్టిన పిల్లలకు ఆ పేరే పెట్టడం మావాళ్ల ఆనవాయితీ కనుక, ఊళ్లో వీధికో పడవయ్యా సందుకో రేవమ్మా ఉంటారు.

ఏళ్ల తరబడి తిరగ్గా తిరగ్గా మాకు వంతెన మంజూరైంది. ఇంజనీర్లు వచ్చి గట్టుమీద సున్నం గీతలు గీసి, బొండాలు తాగి, "ముందు నడక వంతెన వేసేస్తాం, శ్రావణానికల్లా నడిచి వెళ్లొచ్చు" అని చెప్పి వెళ్లారు. మా సర్పంచి గుత్తుల సూరాయమ్మగారు ఆ గీతల్ని ఎవరూ తొక్కకుండా చుట్టూ ముళ్లకంప వేయించింది. ఆవిడ తొందర ఆవిడది. కోడలు సుభాషిణికి నెల తప్పింది. పురుడు శ్రావణంలో, అంటే గోదావరి ఎర్రబారి పోటెత్తే రోజుల్లో.

"నా కొడుకులిద్దర్నీ పంటు మీదే కన్నానండి. ఒకడప్పుడు జడివాన, ఇంకోడప్పుడు ఇంజను ఆగిపోయింది. నా కోడలు మాత్రం ఆసుపత్రిలో మంచం మీద కనాలండి. ఇంకేం అడగను నేను" అంది నాతో. ఆవిడ కళ్లు తడిసినట్టు నేను చూడటం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడే రాజధానిలో ఒక పెద్దాయన కరీబియన్ దీవులకు సెలవుమీద వెళ్లొచ్చారు. ఎవరని అడక్కండి, నాకూ తెలియదు. ముక్కుమీద తోలు ఊడిపోయి, మెడలో గవ్వల దండతో తిరిగొచ్చారనీ, రాగానే "మన దగ్గర ఇలాంటివి ఎందుకు లేవు?" అన్నారనీ మాత్రం విన్నాం. పెద్దవాళ్లు ఊరికే ఆశ్చర్యపోకూడదు, కింద ఒక శాఖ పుట్టేస్తుంది. అలాగే ద్వీపానుభూతి ప్రోత్సాహక విభాగం పుట్టింది. దాని ఉపసంచాలకులు భాగవతుల త్రివిక్రమరావుగారు పంటు మీద కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టించుకుని మా రేవులో దిగారు.

"సోదర సోదరీమణులారా! ఈ క్షణం నుంచీ ఈ భూభాగం ఆదర్శ కరీబియన్ ద్వీపంగా పరిగణింపబడుతుంది. కరీబియన్ విహారయాత్రలో తప్పక చూడవలసిన పది ఉత్తమ స్థలాలను మా విభాగం గుర్తించింది. ఆ పదింటినీ సముచిత ప్రత్యామ్నాయాలతో ఇక్కడే ఏర్పాటు చేయడమైనది" అన్నారు.

"చేసేసేరాండీ, చేత్తారాండీ?" అని సూరాయమ్మగారు అడిగింది.

"శాఖాపరంగా చేయడమైనది. క్షేత్రస్థాయిలో మీరు చేస్తారు."

"అలాగేనండి. మరి మా వంతెన సంగతండీ?"

త్రివిక్రమరావుగారు ఆవిడ వంక జాలిగా చూసి, తోలు సంచీలోంచి ఒక ఉత్తర్వు తీశారు. "ద్వీపమనగా నలుదిక్కులా జలముచే ఆవరింపబడి, ఇతర భూభాగముతో శాశ్వత సంబంధము లేనట్టిది. వంతెన అనగా శాశ్వత సంబంధము. అది పడిన మరుక్షణం మీరు ద్వీపం కాకుండా పోతారు. ద్వీపం కానిచోట కరీబియన్ ఎలా ఉంటుందమ్మా? కావున సదరు వంతెన నిలుపుదల చేయడమైనది."

"మా కోడలి పురుడు శ్రావణంలోనండి."

"పురుళ్లకు వేరే శాఖ ఉంది" అన్నారాయన. మర్నాడు ఇంజనీర్ల తాలూకు మనుషులు వచ్చి సున్నం గీతలు చెరిపేసి, ముళ్లకంప మాత్రం పంచాయతీకి అప్పగించి సంతకం తీసుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. వేసవి వచ్చింది. ఏటా చైత్రం వచ్చేసరికి మా వైపు పాయ ఎండి, పిల్లలు సైతం చెప్పులు చేత పట్టుకుని అవతలికి నడిచి వెళ్లేవారు. త్రివిక్రమరావుగారు అది చూసి గుండె పట్టుకున్నారు. "నలుదిక్కుల్లో ఒక దిక్కున జలం లేదు! ఎవరైనా చూశారా?" అని నన్ను అడిగి, ఆ రోజే యంత్రాలు రప్పించి పాయను లోతుగా తవ్వించారు. ఏడాదికి మూడు నెలలు దొరికే నడక కూడా అలా పోయింది. ఊరంతా ఆయన్ని తిట్టింది. ప్రభుత్వం తరఫున ఆ తిట్లు నేను స్వీకరించాను.

తరువాత పది స్థలాల పని మొదలైంది. రంగుల బొమ్మలతో ఒక కరపత్రం అచ్చువేసి ఇంటింటికీ పంచారు. తెల్లటి ఇసక తీరం, అగ్నిపర్వతం, జలపాతం, వానలడవి, ఓడదొంగల కోట, ఈదే పందులు, ఇలా వరసగా ఉన్నాయి. ఇసక మాకు కావలసినంత ఉంది, కాకపోతే తెలుపు కాదు. ముగ్గుపిండి చల్లమన్నారు, చల్లాం. అరటితోటని వానలడవిగా నమోదు చేశారు. ఏనాడూ ఎవరూ పట్టించుకోని ఇటుక బట్టీ అగ్నిపర్వతమైంది.

"ఇది నిద్రాణమైనదా, సజీవమా?" అని త్రివిక్రమరావుగారు బట్టీ యజమానిని అడిగారు.

"గిరాకీ ఉంటే సజీవమేనండి. లేపోతే పడుకుంటాదండి" అన్నాడతను. ఆ మాటే యథాతథంగా బోర్డు మీద రాయించారు.

ఈదే పందుల దగ్గర చిక్కొచ్చింది. అక్కడెక్కడో ఒక దీవిలో పందులు సముద్రంలో ఈదుతూ యాత్రికుల పడవల దగ్గరకి వస్తాయట. మా ఊళ్లో పందుల్లేవు. గేదెలున్నాయి, అవి రోజూ ఏట్లో ఈదుతాయి కూడా. గేదెల ఆసామి పడవయ్యను పిలిపించి, వాటిని నిర్ణీత సమయాలకు ఈదించమని ఉత్తర్వు చేతికిచ్చారు.

"ఎండెక్కితే దిగుతాయండి. మబ్బుగా ఉంటే దిగవండి. ఆటికిప్పుడు కొత్తగా టైం నేర్పాలంటే ఎలాగండీ బాబూ?" అన్నాడు పడవయ్య.

"నేర్పడం నీ బాధ్యత. నేర్చుకోవడం వాటి బాధ్యత" అన్నారు త్రివిక్రమరావుగారు.

ఇక ఓడదొంగల కోట. ఊళ్లో గట్టి కట్టడం ఒక్కటే ఉంది, వరదలొస్తే తలదాచుకునే షెల్టరు. దానికి నల్లరంగు వేసి, ముందు పెద్ద టేకు తలుపు బిగించి, పైన పుర్రె, దానికింద ఎముకలు ఉన్న జెండా ఎగరేశారు. ఆ బొమ్మ మావాళ్లకు కొత్తేమీ కాదు, కరెంటు ట్రాన్స్‌ఫార్మరు మీద రోజూ చూస్తున్నదే. షెల్టరుకి కరెంటు పెట్టేశారని ఊరంతా పాకిపోయింది. ఎవరూ దాని ఛాయలకు పోలేదు. నేను స్వయంగా వెళ్లి గోడ ముట్టుకుని చూపించాను. "ఆయన గవర్నమెంటోడు, ఆయన్నేం చెయ్యదు" అన్నారు.

ఇవన్నీ జరుగుతుంటే సూరాయమ్మగారు ఒక్క మాట కూడా అనలేదు. సుభాషిణికి ఏడో నెల వచ్చింది. సీమంతం గాజులు కూడా పంటు మీదే వచ్చాయి. ఆ మర్నాడు ఆవిడ కరపత్రం మడిచి పట్టుకుని పంచాయతీ ఆఫీసుకొచ్చింది. త్రివిక్రమరావుగారు అక్కడే ముగ్గుపిండి నాణ్యత పరిశీలిస్తున్నారు.

"డైరెక్టరుగారండీ, ఈ ఏడో నంబరు బొమ్మేటండీ?" అని అడిగింది.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "ఇది క్యూరసావ్ అనే ద్వీపంలో ఉందమ్మా. పడవల వరస మీద తేలే వంతెన. ప్రపంచ ప్రసిద్ధి."

"మరి మన కరీబియన్లో లేదేటండీ?"

ఆయన కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పది సోట్లు అని కాయితం అచ్చేసేరు. తొమ్మిదే ఉన్నాయండి. రేపు పైనుంచి పెద్దలొచ్చి ఏడోది సూపించమంటే తవరు ఏటి సూపిత్తారండీ? నవ్వరాండీ? మా ఊరి పరువు సంగతి వదిలేయండి, తవరి పరువు?"

"కానీ నిబంధన ప్రకారం వంతెన..."

"వంతెన మాకొద్దండి! వంతెనెవరడిగేరు?" అని ఆవిడ చెంపలు వాయించుకుంది. "మాకు ఏడో నంబరు కావాలండి."

త్రివిక్రమరావుగారికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. వారం తిరక్కుండా ఆయన ఒక పరిష్కారంతో వచ్చారు. వచ్చేటప్పుడు ఆయన ముఖం చూడాలి, గణితంలో ఏదో కనిపెట్టిన వెలుగు. "వంతెన ఉండాలి, సంబంధం ఉండరాదు" అన్నారు. లంక గట్టునుంచి పడవల వరస కట్టి, పైన చెక్కలు పరిచి, రంగులు వేసి, అవతలి గట్టుకు కాస్త ఇవతల ఆపేయమన్నారు. అవతలి గట్టుకు తాడు కట్టినా సంబంధమే అవుతుందని లంగరు వేయించారు. ఖాళీ ఎంతంటే, మా గేదెలు రెండు అడ్డంగా పడుకుంటే సరిపోయేటంత. దాని చివర బోర్డు పెట్టించారు: "వంతెన ఇక్కడితో సమాప్తం. వెనుదిరిగి అందాన్ని ఆస్వాదించండి."

నాకు ఒళ్లు మండిపోయింది. కట్టినంత కట్టి ఆ కాస్తా ఆపేయడమేమిటి? సూరాయమ్మగారు మాత్రం నన్ను పక్కకు లాగి, "ముందు ఇంతవరకూ పడనియ్యండి సెక్రట్రీగారూ, తర్వాత సూద్దాం" అంది. పడింది. కుర్రకారు ఆ ఖాళీని దూకేసేవారు. మేకలు కూడా దూకేవి. నిండు గర్భిణి దూకలేదు కదా. పైగా తవ్వించిన పాయ కాబట్టి సరిగ్గా అక్కడే నిలువులోతు.

శ్రావణం వచ్చింది. ఆ ఏడు గోదావరి మామీద దయతలచి మరీ పెద్దగా పోటెత్తలేదు. రాష్ట్రస్థాయి మూల్యాంకన సంఘం వస్తోందన్న కబురు మాత్రం వచ్చింది. వాళ్లు ఒప్పుకుంటే మేము శాశ్వత ద్వీపమవుతాం, అంటే ఇక ఎప్పటికీ వంతెన ఉండదు. త్రివిక్రమరావుగారు మా పంటుకి విహారనౌక అని పేరు మార్చి, అరటాకులూ చెరుకాకులూ పచ్చిగడ్డి దండలూ కట్టించి, సంఘం వెళ్లేదాకా ఊరివాళ్లెవరూ దాన్ని ఎక్కరాదన్నారు.

సంఘంలో ముగ్గురు సభ్యులు. ముగ్గురికీ గడ్డి టోపీలు, నల్ల కళ్లజోళ్లు. ముగ్గుపిండి తీరం చూశారు, అగ్నిపర్వతం దగ్గర ఫోటో దిగారు. ఈదే గేదెల వంతు వచ్చేసరికి ఆకాశం మబ్బేసింది. గేదెలు గట్టుమీద నెమరువేస్తూ సంఘాన్ని చూశాయి, సంఘం గేదెల్ని చూసింది. పడవయ్య వాటికి దణ్ణం పెట్టాడు. లాభం లేకపోయింది. విహారనౌక ఎక్కి ఏడో స్థలాన్ని నీళ్లమీంచి చూద్దామని సభ్యులు ఏటి మధ్యకు వెళ్లారు. అప్పుడు ఎండ కాసింది.

గేదెలు దిగాయి. దిగి, ఏటి మధ్యలో పచ్చగడ్డి తేలుతూ కనబడితే ఏ గేదె చేసే పనే అవీ చేశాయి. నౌకను చుట్టుముట్టి అరటాకుల దగ్గర మొదలుపెట్టి వరసగా అలంకరణ తినసాగాయి. ఇంజను తిప్పితే గేదెలకు దెబ్బ తగులుతుందని పడవయ్య గట్టుమీంచి గగ్గోలు. నౌక ఆగిపోయింది. అధ్యక్షులవారి గడ్డి టోపీ కూడా అలంకరణలో భాగమేనని ఒక గేదె అనుకుంది.

అదే సమయానికి సుభాషిణికి నొప్పులు మొదలయ్యాయి.

సూరాయమ్మగారు రేవుకి పరిగెత్తుకొచ్చి చూసింది. ఉన్న ఒక్క పంటూ ఏటి మధ్యన, చుట్టూ గేదెలు. నేను నౌక వైపు చేతులూపుతూ నిలబడ్డాను. ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి కేకేసింది. "ఒరేయ్, ఆ దొంగల కోట తలుపు ఊడబీకి అట్టుకురండ్రా!"

తలుపొచ్చింది. దాన్నీ, మంచం మీద సుభాషిణినీ మోసుకుంటూ జనం తేలే వంతెన మీదికి ఎక్కారు. చివర్న బోర్డు పక్కన త్రివిక్రమరావుగారు చేతులు చాచి నిలబడ్డారు.

"అమ్మా, ఆగండి! ఈ తలుపు అవతలి గట్టును తాకిన క్షణమే మనం ద్వీపం కాకుండా పోతాం! సంఘం చూస్తోంది!"

"తాక్కపోతే నేను నాయనమ్మని కాకుండా పోతానండి! తప్పుకోండి!"

ఆయన చెడ్డవారు కాదు. సుభాషిణి కేక ఆయనకూ వినబడింది. ఉత్తర్వు తీసి గబగబా చదివారు, మళ్లీ చదివారు. తరువాత, "తలుపు వేయవచ్చు. కానీ గట్టుకు తాకరాదు. నలుగురు పట్టుకుంటే నిబంధనకు భంగం లేదు" అన్నారు.

అవతలి గట్టు వారన నలుగురు మగాళ్లు రొమ్ములోతు నీళ్లలో దిగి తలుపు చివరను భుజాలకెత్తుకున్నారు. త్రివిక్రమరావుగారు నౌక మీది సంఘానికి కనబడేలా ముందుకు వంగి, జేబురుమాలు తీసి, తలుపుకీ గట్టుకీ మధ్య ఇటునుంచి అటు లాగి చూశారు. రుమాలు ఎక్కడా ఆగలేదు.

"సంబంధం లేదు. వెళ్లనివ్వండి!" అని అరిచారు. మంచం దాటింది. గట్టుమీద ఆటో సిద్ధంగా ఉంది.

ఆసుపత్రిలో, మంచం మీద, సుభాషిణికి ఆడపిల్ల పుట్టింది. సూరాయమ్మగారు ఫోన్ చేసి మొదట మంచం గురించి చెప్పింది, ఇనపదట, మీద పరుపు కూడా ఉందట. తరువాత పిల్ల గురించి చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ప్రభుత్వోద్యోగిని కనుక గోదావరి వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాను.

ఇక నౌక మీది సంఘం సంగతి. గేదెలు తినడం ముగించి, తిన్నది అరిగేదాకా అక్కడే నానుతూ ఉండిపోయాయి. అవతలి ఊరినుంచి చిన్న దోనె తెప్పించి, సభ్యుల్ని అందులో ఎక్కించి తేలే వంతెన దగ్గరకు చేర్చాం. అప్పటికి తలుపు మోసిన నలుగురూ భుజాలు పడిపోయి దాన్ని గట్టుమీద దించేశారు. సభ్యులు ముగ్గురూ, అధ్యక్షులవారు బోడితలతో, ఆ తలుపు మీంచి గబగబా నడిచి గట్టెక్కి కార్లలో కూర్చున్నారు. నెల తరువాత నివేదిక వచ్చింది. "సభ్యులు ద్వీపము నుండి నడచి బయటకు రాగలిగిరి. నడచి బయటకు రాగలిగినది ద్వీపము కానేరదు. కావున కందలంకను కరీబియన్ నుండి తొలగించడమైనది" అని ఉంది.

మేము మళ్లీ గోదావరిలోకి వచ్చిపడ్డాం. వంతెన మాత్రం ఉండిపోయింది. త్రివిక్రమరావుగారి విభాగం దాన్ని తీద్దామంటే, కరీబియన్ కాని చోట వాళ్లకు అధికారం లేదు. ఇంజనీర్ల శాఖ తీద్దామంటే, రికార్డుల్లో అది వంతెన కాదు, ఏడో నంబరు. దొంగల కోట తలుపును మావాళ్లు అవతలి గట్టుకు మేకులతో బిగించి, కింద సిమెంటు పోశారు. ఇప్పుడు మోటారు సైకిళ్లు కూడా పోతున్నాయి.

మొన్న త్రివిక్రమరావుగారు జెండా తిరిగి తీసుకెళ్లడానికి వచ్చారు. మనిషి హుషారుగా ఉన్నారు. కరీబియన్‌ను మరో చోటికి మార్చారట. కనుచూపు మేరలో ఏరు గానీ చెరువు గానీ లేని ఒక రాళ్లగుట్ట పల్లె. గుట్ట చుట్టూ కందకం తవ్వి ట్యాంకర్లతో నింపుతారట.

"అక్కడ నీళ్లున్నాయాండీ?" అని సూరాయమ్మగారు అడిగింది. ఒళ్లో మనవరాలుంది.

"లేవమ్మా. తాగడానికే లేవు. ఎన్నో ఏళ్లుగా మంచినీళ్ల పథకం కోసం అర్జీలు పెట్టుకుంటున్నారు. అది వేరే శాఖ" అన్నారాయన.

ఆయన వెళ్లాక సూరాయమ్మగారు నాచేత ఆ పల్లె సర్పంచి ఓబులేసుగారి నంబరు కనుక్కోమంది. నా ఫోనులోంచే చేసింది.

"అన్నయ్యగారండీ, నేను గోదారి కందలంక సర్పంచినండి. మీ ఊరికి కరీబియనొత్తందంట కదండీ. ఒక మాట చెప్దామని చేసేను. మంచినీళ్లు, మంచినీళ్లని అర్జీలు పెట్టకండి. పెట్టినవి వెనక్కి తీసేసుకోండి. మాకు జలపాతం లేకపోతే కరీబియన్ ఏటండీ, నలుగురూ నవ్వరాండీ, అని అడగండి."

స్పీకరు పెట్టాను గనుక ఓబులేసుగారి మాట నాకూ వినబడింది. "అట్లనా అక్కా? ఎంత జలపాతం అడగమంటావు?" అన్నారు.

సూరాయమ్మగారు మనవరాల్ని భుజం మార్చుకుంది. "ఊరంతా తాగగా మిగిలేంత అడగండి."